మా సందులోకి తెరిచిన తలుపు

నేను యానాం మనిషిని. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి, కోసపాళయంలో ఒక పాత ఇంటి మేడ మీద వాటాలో అద్దెకు దిగాను. ఉద్యోగం ప్రభుత్వంలో, పన్నుల విభాగంలో. దేని మీద ఎంత సుంకం వేస్తే ఖజానాకు ఎంత వస్తుందో లెక్క కట్టి పైకి పంపడం నా పని. ఈ ఊళ్ళో ఆ లెక్కల్లో పెద్దపీట మద్యానిదే. మా అమ్మ యానాంలో ఎవరితోనో "మా అమ్మాయి సారా డబ్బులు లెక్కపెడుతుంది" అంటుంటే ఫోన్లో విని కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఇంటివాళ్ళు కింద వాటాలో ఉంటారు. భార్యాభర్తలిద్దరే. డెబ్బైకి దగ్గరపడ్డవాళ్ళు, పిల్లలు లేరు. వాళ్ళ పూర్వులు ఎప్పుడో తరాల కిందట తెలుగుదేశం నుంచి ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో మాట తెలుగే కానీ తెలుగు అక్షరం చదవలేరు. నా గోదావరి యాస వాళ్ళకు మహా సరదా. నేను "పిన్నిగారూ, బాబాయిగారూ" అని పిలిస్తే, పేరుకు తోక తగిలించినట్టుందని పిన్నిగారు పకపకా నవ్వేది. నన్ను మాత్రం మొదటిరోజు నుంచీ "పాపా" అనే పిలిచింది. అప్పటికే నాకు నలభై దాటాయి.

బాబాయిగారు నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. సాత్త్వికుడు. గట్టిగా మాట్లాడడు, ఒకరి జోలికి పోడు. సాయంత్రమైతే మందు కావాలి. అదొక్కటే ఆయన లోపం, కానీ అది మనిషిని తినేసే లోపం. మానాలని ప్రయత్నించకపోలేదు. ఏటా కార్తీకంలో మాల వేసుకునేవాడట. మాల మెడలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టేవాడు కాదు. మాల తీసిన సాయంత్రం మాత్రం అన్నాళ్ళదీ కలిపి తాగేవాడు. ఈయన్ని దేవుడికి అప్పగించినా లాభం లేదని పిన్నిగారు అప్పుడే తేల్చేసుకుంది.

కరోనా రోజుల్లో దుకాణాలన్నీ మూతపడ్డప్పుడు ఆవిడ కొత్త సంగతి కనిపెట్టింది. మొదట్లో ఆయన చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, పిచ్చెత్తినవాడిలా గదిలో తిరిగాడు. తర్వాత నెమ్మదించాడు. ఆకలేస్తోందని అడిగి అన్నం పెట్టించుకున్నాడు. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆవిడ ముఖం కొత్త పెళ్ళికూతురి ముఖంలా ఉండేది.

"పెండ్లయి ఇన్నేండ్లకి ఆ మనిషి చారు బాగుండాదని చెప్పినాడు పాపా," అంది.

దుకాణాలు మళ్ళీ తెరిచాక ఇక్కడ కొన్నాళ్ళపాటు సుంకం పెంచి, ధరలు పక్క రాష్ట్రంతో సమానం చేశారు. ఆ కొన్నాళ్ళూ శని, ఆదివారాల్లో చవక మందు కోసం బైకుల మీద గుంపులుగా దిగే కుర్రకారు రాలేదట, వైట్ టౌన్ వీధుల్లో పొద్దున్నే ఊడ్చేవాళ్ళకు సీసాల బరువు తగ్గిందట. తర్వాత సుంకం తగ్గింది, జనం తిరిగొచ్చారు. మా ఆఫీసులో ఈ సంగతి మీద నాకూ మా పక్క సీటాయనకూ ఎప్పుడూ వాదమే. ధర పెంచితే తాగేవాళ్ళు తగ్గుతారని నేను, వచ్చేవాళ్ళు తగ్గితే మన జీతాలు ఎక్కణ్ణుంచి వస్తాయని ఆయన. ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులున్నాయి. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

పిన్నిగారు మాత్రం మా వాదనల కోసం ఆగలేదు. దొరక్కపోతే ఈయన బతకగలడు, దగ్గర్లో ఉంటే ఆగలేడు అని ఆవిడకు అర్థమైంది. అంతే, ఇంట్లో చట్టం వచ్చేసింది. ఇంట్లో సీసా దాచుకోకూడదు. కొంటే ఒక్క క్వార్టరే కొనాలి. అదీ దూరాన ఉన్న మురుంగపాక్కం పేటలోని షాపులోనే కొనాలి. నడిచి వెళ్ళి నడిచి రావాలి, దారిలో మూత తియ్యకూడదు. ఇంటికొచ్చాక ఆవిడే సగం స్టీలు గ్లాసులో పోస్తుంది, మిగతా సగం రేపటికని తనే దాచిపెడుతుంది. మురుంగపాక్కమే ఎందుకంటే అది ఆవిడ పుట్టిల్లు. షాపుకు వెళ్ళే దారిలోనే ఆవిడ తమ్ముడి ఇల్లు, ఆ ఇంటి అరుగు మీద తమ్ముడు. బావ వెళ్ళడమూ రావడమూ చేతిలో ఉన్నదీ అన్నీ ఆయన కళ్ళబడాల్సిందే.

నిషేధం పెట్టకూడదా అని నేను ఒకసారి అడిగాను.

"మానమంటే మానడు పాపా. దాచుకోని తాగతాడు. దూరం పెడితే తగ్గిస్తాడు," అంది ఆవిడ.

నేను చూస్తుండగా ఈ చట్టం చాలాకాలం బాగానే నడిచింది. రోజు మార్చి రోజు సాయంత్రం ఎండ తగ్గాక ఆయన చేతిసంచీ పట్టుకుని బయల్దేరేవాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో ఎదురుచూసేది. ఆయన అరుగంచున నిలబడితే కాళ్ళ మీద నీళ్ళు పోసేది. అంత దూరం నడిచిన కాళ్ళ మీది దుమ్ము ఎర్రగా కరిగి మెట్ల మీంచి సందులోకి జారేది. మేడ మీంచి చూస్తూ, ఒంటరిదాన్ని కదా, నాకు కాస్త అసూయగా ఉండేది. వాన పడ్డప్పుడు ఆయన వెళ్ళేవాడు కాదు. కాలు నొప్పిగా ఉందని మానేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో పిన్నిగారు ఏదో ఒక తీపి చేసి నాకు కూడా పంపేది. ఎందుకని అడిగితే, సుమ్మా అనేది. ఊరికే అని దానర్థం.

అప్పుడు మా సందు చివర ఒక బ్రాందీ షాపు వచ్చింది.

అది వచ్చిన తీరు చెప్పాలి. వేరే పేటలో ఉన్న షాపును దాని యజమాని మా సందు చివర, పెద్ద రోడ్డు మీదున్న ఒక భవనంలోకి మార్చుకోవాలనుకున్నాడు. ఆ భవనానికి ఆనుకునే చిన్నపిల్లల బడి ఉంది. బడికి ఇంత దూరం లోపల మద్యం షాపు ఉండకూడదని నిబంధన. ఆ దూరం కొలిచేది మాత్రం తలుపు నుంచి తలుపుకు, మనిషి నడిచే దారి వెంబడి. యజమాని పెద్ద రోడ్డు వైపున్న తలుపును ఇటుకలతో మూసేసి, వెనక గోడ పగలగొట్టి మా సందులోకి కొత్త తలుపు పెట్టాడు. ఇప్పుడు బడి గేటు నుంచి ఆ తలుపు దగ్గరికి రావాలంటే చుట్టూ తిరిగి రావాలి. బడి దూరమైపోయింది! గోడకవతల పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఇవతల సీసాలు సర్దుతున్నారు. అంతా రూలు ప్రకారమే జరిగింది.

పిన్నిగారు మేడెక్కి వచ్చి నన్ను నిలదీసింది.

"ఏంది పాపా, మీ గవర్నమెంటుకి తలుపే కనపడతాదా, గోడ కనపడదా?"

లైసెన్సులు చూసే విభాగం వేరు, నాది వేరు అని చెప్పబోయాను. గవర్నమెంటంటే గవర్నమెంటే కదా, అందులో మళ్ళీ వంటిల్లు వేరు, వసారా వేరా అని ఆవిడ కొట్టిపారేసింది. బాబాయిగారు మాత్రం ఆ షాపు వైపు చూడనైనా చూడకుండా, ఎప్పట్లాగే సంచీ పట్టుకుని మురుంగపాక్కం దారి పట్టాడు. ఆవిడ ధైర్యపడింది. నేనూ ధైర్యపడ్డాను.

కొన్ని వారాల తర్వాత ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. బావ ఈమధ్య ఇటువైపు రావడం లేదు, ఒంట్లో బాగాలేదా అని పరామర్శ. ఆవిడ ఫోన్ పెట్టేసి మేడ మీదికొచ్చి నా మంచం మీద కూర్చుంది. ఆయన ఎప్పట్లాగే అదే వేళకు వెళ్తున్నాడు, అదే వేళకు వస్తున్నాడు, కాళ్ళ మీద దుమ్ము కూడా ఉంటోంది, మరి వెళ్ళేదెక్కడికి అని తనలో తానే అడుగుతున్నట్టు అంది. ఈ వయసులో ఇంకో ఇల్లేమైనా పెట్టాడా అని కూడా అనుమానపడింది. నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. నన్ను వెళ్ళి చూసి రమ్మంది.

మర్నాడు ఆఫీసు నుంచి కాస్త ముందే వచ్చి ఆయన వెనకే వెళ్ళాను. ఆయన సందు చివర ఆ తలుపు దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళి క్షణంలో బయటికొచ్చాడు. అక్కణ్ణుంచి పెద్ద దూరం పోలేదు. కాలవ గట్టు మీద, మూసేసిన సైకిల్ షాపు వెనక కూర్చున్నాడు. సంచీలోంచి ఒక క్వార్టర్ తీసి నీళ్ళు కలుపుకుని తాగాడు. ఇంకొకటి సంచీలోనే ఉంచుకున్నాడు, అది ఇంటికి. పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాడు. లేచే ముందు వంగి, గట్టు మీది దుమ్ము గుప్పెటతో తీసి రెండు పాదాలకూ పూసుకున్నాడు. మడమలకు కూడా జాగ్రత్తగా పూసుకున్నాడు.

నేను చూడకూడనిది చూశాను అనిపించింది. కోప్పడదామని వెళ్ళినదాన్ని, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెనక్కి తిరిగాను.

పిన్నిగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. షాపు సంగతికి ఆవిడ తల ఊపింది. రెండో సీసా సంగతికి పెదవి కొరుక్కుంది. దుమ్ము సంగతి చెప్పేసరికి ముందు నవ్వింది. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి దిగిపోయింది. ఆ సాయంత్రం కూడా ఆయన వస్తే మామూలుగానే గుమ్మంలో నిలబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అరిచేతులతో ఆ దుమ్మంతా రుద్ది కడిగింది. ఎప్పుడూ చేతులు పెట్టేది కాదు. ఆయనకు అర్థమైపోయింది. అన్నం తినకుండా పడుకున్నాడు.

మళ్ళీ చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు వారం నిలబడిందో లేదో. ఆ తలుపు పొద్దున్నే తెరుస్తారు, గుమ్మం దిగితే కనబడుతుంది, కిటికీలోంచి వాసన కూడా వస్తుంది. ఒక మధ్యాహ్నం ఆయన స్నానాలగదిలో పడిపోయాడు. తల చిట్లి నెత్తురు. నేనూ సందులోవాళ్ళూ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టారు, రక్తం పరీక్షలు చేశారు. డాక్టరమ్మ పిన్నిగారిని పక్కకు పిలిచి, కాలేయం ఇప్పటికింకా చేతిలోనే ఉందనీ, తాగడం ఇలాగే పెరిగితే ఇక తన చేతుల్లో ఉండదనీ చెప్పింది. మందులిచ్చి, తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా మానెయ్యాలంది. బయటికొచ్చాక పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, ఈయన పోతే నేను యాడ ఉండేది పాపా అంది.

అప్పటికే సందులో ఆడవాళ్ళందరూ షాపు మీద ఫిర్యాదు పెట్టి ఉన్నారు. దాని మీద విచారణకు ఒక అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. బడి గేటు నుంచి షాపు తలుపు దాకా టేపు పట్టించి మళ్ళీ కొలిపించాడు. దూరం సరిపోయింది. ఇక ఎవరైనా చెప్పేదుందా అన్నాడు. ఆడవాళ్ళు గాజు పెంకుల గురించి, అడ్డంగా నిలిపే బైకుల గురించి, గోడ వారన కంపు గురించి చెప్పారు. షాపు యజమాని రోజూ శుభ్రం చేయిస్తానని ఒప్పుకున్నాడు. అధికారి అదంతా రాసుకుని లేవబోయాడు.

అప్పుడు తలకు కట్టుతోనే బాబాయిగారు అరుగు దిగి వచ్చాడు. ఆయన అంతమంది ముందు నోరు తెరవగా నేనెప్పుడూ చూడలేదు. తమిళంలోనే మాట్లాడాడు. ఆ మాటలు ఇంచుమించు ఇవి.

"వీళ్ళు చెప్పేదంతా నిజమే. గాజు పెంకులు ఊడిస్తే పోతాయి. నేను పోను. నేను ఈ షాపు గిరాకీని. షాపు దూరంగా ఉన్నప్పుడు దారిలో నన్ను నేనే అడిగేవాణ్ణి, కావాలా వద్దా అని. ఒక్కోనాడు వద్దనుకొని సగం దారిలో తిరిగొచ్చినాను. ఇప్పుడు అడిగే టైము లేదు సార్. గుమ్మం దిగితే తలుపే. దీన్ని నాకు దూరంగా పెట్టండి."

షాపు యజమాని నేల చూపులు చూశాడు. అధికారి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎంతో మృదువుగా, పెద్దాయనా, బడి నుంచి దూరం ఉంది, గుడి నుంచి దూరం ఉంది, తాగే మనిషి నుంచి ఇంత దూరం ఉండాలని నిబంధన లేదు అన్నాడు. అతని గొంతులో బాధ ఉంది. అయినా తలుపు తలుపుగానే ఉండిపోయింది. పిన్నిగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆ సాయంత్రం, ఊరందరి ముందూ చెప్పుకున్నాడు చూడు అని నాతో అంది. సిగ్గుతో అందో గర్వంతో అందో తెలియలేదు. రెండూ ఉన్నాయేమో.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ వారంలోనే సుంకం సవరణ మీద మా విభాగం అభిప్రాయం అడిగారు. నేను రాయాల్సింది ఒక్క పేరా. నాలుగు పేజీలు రాశాను. ధర ఎంత చవకైతే రోజువారీ తాగేవాడు అంత త్వరగా పడిపోతాడని రాశాను. పక్క రాష్ట్రం కంటే చవకగా అమ్మి సంపాదించేది ఆసుపత్రుల్లో ఖర్చయిపోతుందని, ఆ లెక్క ఎవరూ కట్టడం లేదని రాశాను. పొద్దున్నే తెరవద్దని, కాపురాలున్న సందుల్లోకి తలుపులు తెరవద్దని, దూరమంటే బడికీ గుడికీ మాత్రమే కాదని రాశాను. పక్క సీటాయన చదివి, ఇది నోటా, నవలా అన్నాడు. కానీ ఒక్క ముక్క కూడా కొట్టెయ్యకుండా పైకి పంపాడు. అది ఇంకా పైనే ఉంది.

ఇంట్లో పిన్నిగారు చట్టాన్ని సవరించింది. మురుంగపాక్కానికి ఆయన ఒంటరిగా వెళ్ళకూడదు, తనూ వెంట వెళ్తుంది. సాయంత్రం ఇద్దరూ కలిసి గుమ్మం దిగేవాళ్ళు. ఆ తలుపు దాటేటప్పుడు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, అటువైపు తను నడిచేది. తలుపు దాటాక చెయ్యి వదిలేది. ఆవిడకు మోకాలి నొప్పి. మెట్లెక్కడానికే గోడ పట్టుకునేది. ఆటోలో వెళ్ళొచ్చు కదా అని నేను పోరాను. ఆటోలో పోతే మందు కోసం పోయినట్టుంటుంది, నడిస్తే నడకకు పోయినట్టుంటుంది అంది.

ఒక సెలవురోజు ఆవిడ కాలు మరీ ఈడుస్తుంటే చూడలేక నేనూ వాళ్ళ వెంట బయల్దేరాను. సగం దారి వెళ్ళేసరికి ఆవిడ బస్టాపు బల్ల మీద కూలబడింది. మోకాలు వాచి, చీర మీంచే తెలుస్తోంది. బాబాయిగారు ఆవిడ ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులతో మోకాలు మెల్లగా నొక్కసాగాడు. బస్సు దిగినవాళ్ళు చూస్తూ పోతున్నారు. ఆయన పట్టించుకోలేదు.

"ఈ పొద్దు నాకొద్దు. ఇంటికి పోదాం పా," అన్నాడు.

"నిజంగా వద్దా, నా కాలు చూసి అంటా ఉండావా?"

"నీ కాలు చూసే అంటా ఉండా. చూసి అంటే అది అబద్ధమా?"

ఆవిడ ఆయన భుజం పట్టుకుని లేచింది. ఆ రోజు ఆటోలో ఇంటికొచ్చాం. ఆ రాత్రి ఆయన తాగలేదు. అప్పట్నుంచి ఆవిడ మోకాలు నొప్పిగా ఉన్న రోజు ఆయన నడక ఊసెత్తడం మానేశాడు. ఆవిడ మోకాలు చాలా రోజులే నొప్పిగా ఉంటుంది. డబ్బాలో వేడినీళ్ళు నింపి తనే కాపడం పెడుతున్నాడు. పోయిన నెల పరీక్షల్లో డాక్టరమ్మ కాస్త నయమందట.

నాకు పట్టలేనంత సంతోషం వేసింది. కిందికి పరుగెత్తి, చూశారా పిన్నిగారూ, మీ చట్టమే గెలిచింది అన్నాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. ఏం గెలుపు అంది. అప్పుడు చేట పక్కన పెట్టి, లోపల బాబాయిగారికి వినబడకుండా గొంతు తగ్గించింది.

"ఆ తలుపు ఇంకా తెరిచే ఉండాది పాపా. నా నొప్పి చూసి ఆయన ఆగతా ఉండాడు. నేనుండేవరకు నేను నడుస్తా. ఆ తర్వాత ఆయన పక్కన మీ గవర్నమెంటే నడవాల."